సాయంత్రం ఆరయితే చాలు, ఒకటే ఏడుపు

ప్రశ్న: డాక్టరుగారూ, మాది విజయవాడ సత్యనారాయణపురం. పురిటికి గుంటూరు పుట్టింటికి వచ్చాను. బాబుకి ఐదు వారాలు. పగలంతా బాగానే ఉంటాడు. సాయంత్రం ఆరయ్యేసరికి కాళ్లు పొట్టకి ముడుచుకుని, మొహం కందగడ్డలా చేసుకుని తొమ్మిదిన్నర దాకా గుక్కపట్టి ఏడుస్తాడు. పది రోజులుగా ఇదే వరస. పాలు చాలడం లేదు, డబ్బా పాలు పట్టమంటారు మా అత్తగారు. దిష్టని మా అమ్మ రోజూ ఉప్పూ మిరపకాయలూ తీస్తోంది. గ్రైప్ వాటర్ పట్టొచ్చా? బరువు మాత్రం నెలలో కిలో పెరిగాడు. నాకు టెన్షన్‌గా ఉంది. ఒక్కోసారి వాడి మీద విసుగొస్తోంది కూడా.

జవాబు: నెలలో కిలో పెరిగాడన్నారు చూశారా, ఆ మాట అత్తగారికి ఇంకోసారి చెప్పండి. పాలు చాలని పిల్లాడు కిలో పెరగడమ్మా. డబ్బా జోలికి వెళ్లకండి.

మీరు చెప్పినదంతా కోలిక్‌లాగే ఉంది, అంటే ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లలే కారణం తెలియకుండా గంటల తరబడి ఏడవడం. 1954లో వెసెల్ అనే అమెరికా డాక్టరు దీనికి మూడు మూళ్ల లెక్క చెప్పాడు: రోజుకి మూడు గంటలకు పైగా, వారంలో మూడు రోజులకు పైగా, మూడు వారాల పాటు ఏడవడం. అన్నాళ్లు లెక్కపెట్టే ఓపిక ఏ తల్లికుంటుంది! ఫలానా కారణమని ఇప్పటికీ తేలలేదు. అందరూ గ్యాస్ అంటారు గానీ, ఏడుస్తూ గాలి మింగడం వల్ల పొట్ట ఉబ్బడమూ ఉంది. ఆరో వారం దగ్గర ఏడుపు బాగా ఎక్కువవుతుంది, మూడు నాలుగు నెలలకి దానంతటదే తగ్గుతుంది. అంటే మీకింకో వారం గట్టిగానే ఉండొచ్చు.

మా పెద్దాడిదీ ఇదే కథ. అప్పుడు బ్రాడీపేటలో మేడ మీద వాటాలో ఉండేవాళ్లం. పిల్లల డాక్టరు ఇంట్లోనే పిల్లాడి ఏడుపు ఆగదేమని కింది వాటావాళ్లు అనుకుంటారేమోనని నాకు సిగ్గు. మా ఆయన వాణ్ని ముంజేతి మీద బోర్లా వేసుకునేవారు. తల మోచేతి మడతలో, కాళ్లు అటూ ఇటూ వేలాడుతూ, అరచెయ్యి పొట్ట కింద. అలా డాబా మీద నీళ్ల ట్యాంకు దాకా పద్దెనిమిది అడుగులు, మళ్లీ వెనక్కి. నడుస్తుంటే ఊరుకునేవాడు, కూర్చోగానే లంకించుకునేవాడు. నిద్రపోయాడు కదా అని చటుక్కున మంచం మీద వేస్తే మళ్లీ మొదలు. 2022లో జపాన్ పరిశోధకులు చెప్పింది చదివాక మా పొరపాటు తెలిసింది. ఆగకుండా ఐదు నిమిషాలు ఎత్తుకుని నడవాలి. నిద్రపోయాక ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఒళ్లోనే ఉంచుకుని కూర్చుని, అప్పుడు పడుకోబెట్టాలి. వెల్లకిలానే సుమా.

ఆరింటికి ఏడుస్తాడని తెలుసు కాబట్టి ఐదున్నరకే పాలిచ్చి, భుజాన వేసుకుని తేన్పు రానివ్వండి. టీవీ కట్టేయండి, చూడ్డానికొచ్చేవాళ్లని పొద్దున్న రమ్మనండి. ఈ ఎండల్లో దుప్పట్లు చుట్టకండి, పలుచటి చొక్కా చాలు.

గ్రైప్ వాటర్ వద్దు. 1851లో ఇంగ్లండులో వుడ్‌వర్డ్ తయారుచేసిన తొలి రకంలో ఆల్కహాలు ఉండేది. ఇప్పటి సీసాల్లో తీసేశారు గానీ, దానితో ఏడుపు ఆగుతుందన్న రుజువు లేదు. గ్యాస్ డ్రాప్సూ అంతే. వస అరగదీసి నాలుకకి రాస్తే వాంతులతో నా దగ్గరికి తెచ్చిన పిల్లలున్నారు. దిష్టి తీస్తే తీయనివ్వండి, ఆ మిరపకాయల ఘాటు మాత్రం పిల్లాడున్న గదిలోకి రాకూడదు. మీకూ కారప్పొడి అన్నమే పెడుతున్నారేమో, పప్పూ కూరలూ పెరుగూ తినండి.

జ్వరం 100.4 దాటినా, ఆకుపచ్చగా కక్కినా, విరేచనంలో నెత్తురు కనిపించినా, పాలు తాగకుండా మగతగా ఉన్నా తెల్లారేదాకా ఆగకండి. ఎప్పుడూ లేనట్టు ఏడిస్తే బట్టలన్నీ విప్పి చూడండి. కాలివేలికి వెంట్రుక బిగిసి ఉన్న పాపని ఒకసారి చూశాను.

విసుగొస్తోందని రాశారు. నాకూ వచ్చింది. మరీ పట్టలేకపోతే వాణ్ని ఉయ్యాలలో వెల్లకిలా పడుకోబెట్టి, పది నిమిషాలు వరండాలోకి వెళ్లండి. ఏడిస్తే ఏడవనివ్వండి. పట్టుకుని కుదపడం మాత్రం ఎన్నడూ చేయకూడదు, మెదడులో నెత్తురు చిమ్ముతుంది.

మీ ఆయన విజయవాడలోనే ఉన్నారా? గంట ప్రయాణమేగా. వీలైన రోజుల్లో ఏడింటి నుంచి తొమ్మిదింటి దాకా ఎత్తుకునే డ్యూటీ ఆయనకిచ్చి, మీరు వెళ్లి పడుకోండి.