ఫ్యూయల్ పంపు మార్చినా మళ్ళీ మళ్ళీ పోతోందా? కొత్తది కొనేముందు ఇది చూడండి

బొబ్బిలి నుంచి అడిగిన మిత్రులకు: మీది 2005 మోడల్ పెట్రోలు కారు, ఇప్పటికి మూడు ఫ్యూయల్ పంపులు (ట్యాంకులోంచి ఇంజన్‌కి పెట్రోలు తోసే మోటార్లు) మార్చారు, అయినా బండి వేడెక్కాక ఆగిపోయి, చల్లారితే మళ్ళీ స్టార్ట్ అవుతోంది, మెకానిక్ ఇంకో పంపు వేద్దామంటున్నాడు అని రాశారు. దయచేసి నాలుగోది ఇప్పుడే కొనకండి. పాత పంపులు నిజంగా పోయాయా, లేక వాటికి కరెంటు సరిగ్గా అందలేదా అన్నది ముందు తేల్చుకోండి.

మాది సోంపేట వైపు. మా పాత బండికీ అచ్చం ఇదే జబ్బు. శ్రీకాకుళం బయల్దేరితే ఎండలో టెక్కలి దాటేసరికి పికప్ పడిపోయేది, తర్వాత ఆగిపోయేది. మెకానిక్ పంపు కనెక్టర్ (వైర్లు పంపుకి తగిలే ప్లగ్గు) ఊడదీసి టెస్ట్ బల్బు పెట్టేవాడు. బల్బు వెలిగేది. కరెంటు వస్తోంది కాబట్టి పంపే పోయిందని తేల్చేవాడు. కానీ చిన్న బల్బు ఎంత కరెంటు లాగుతుంది? పంపు నాలుగైదు ఆంపియర్లు లాగుతుంది. కనెక్టర్‌లో పిన్ను వదులైతే బల్బు వెలుగుతుంది గానీ పంపు నీరసపడుతుంది.

చివరికి ఒక ఆటో ఎలక్ట్రీషియన్ కనెక్టర్ ఊడదీయకుండానే, ఇంజన్ నడుస్తుండగా వెనక నుంచి సన్నటి పిన్నులు గుచ్చి మల్టీమీటర్ పెట్టాడు. బ్యాటరీ దగ్గర 14 వోల్టులు, పంపు దగ్గర 12 కూడా లేదు. అర వోల్టు తేడా ఉంటే సర్దుకోవచ్చు, ఇంత ఉండకూడదు. తర్వాత ఎర్త్ వైపు, అంటే కరెంటు పంపు నుంచి తిరిగి బ్యాటరీకి వెళ్ళే దారి చూశాడు: మీటరు ఎర్ర తీగ పంపు ఎర్త్ వైరుకి, నల్ల తీగ బ్యాటరీ నెగటివ్‌కి. అక్కడ 0.2 దాటకూడదు, మాకు ఒక వోల్టు దాటింది. కనెక్టర్ విప్పితే ఎర్త్ పిన్ను నల్లగా కమిలి ఉంది, దాని చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి మెత్తబడింది. పంపు మార్చిన ప్రతిసారీ కనెక్టర్ తీసి పెట్టడంతో పిన్ను కాస్త గీసుకుని శుభ్రపడేది, కొన్నాళ్ళు బాగా నడిచేది. అందుకే అందరం పంపునే అనుమానించాం. అంతే మందం వైర్లతో కొత్త కనెక్టర్ వేయించాక ఆ బాధ పోయింది. తీసేసిన పంపు ఇప్పటికీ పనిచేస్తుంది.

మీకు వోల్టేజ్ సరిగ్గా వస్తే అప్పుడు ట్యాంకు వైపు చూడండి. తీసిన పంపు కింద ఉండే జల్లెడ ఎర్రటి మడ్డితో నిండి ఉంటే ట్యాంకు లోపల తుప్పు పట్టినట్టే. ఆ ట్యాంకు కడిగించకుండా ఎంత మంచి పంపు వేసినా నిలవదు. మూత వాషర్ పాడైతే వాన నీరు దిగుతుంది. ఇప్పుడొస్తున్న పెట్రోల్లో ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి ఇనుప ట్యాంకులకు అది ఇంకా చేటు. పంపు బయట వేరే ఫిల్టర్ ఉంటే అదీ మార్చండి, మూసుకుపోయిన ఫిల్టర్ పంపు మీద భారం వేస్తుంది.

ఇంకొకటి, రెండొందలకు కొట్టించుకుని రిజర్వ్‌లో తిరిగే అలవాటుంటే మానుకోండి. ట్యాంకులో ఉండే పంపుని చల్లబరిచేది పెట్రోలే. పావు ట్యాంకు తగ్గనివ్వకండి, ముఖ్యంగా ఎండాకాలం హైవే మీద.

పంపు విప్పే పని మాత్రం ఆరుబయటే చేయించండి. ముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడిపి పైపులో ప్రెషర్ తగ్గించాలి. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. పాత పంపుని పెట్రోలు ఆవిరి దగ్గర బ్యాటరీకి తగిలించి చూడొద్దు, ఒక్క నిప్పురవ్వ చాలు.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర ఎంత, పంపు దగ్గర ఎంత, ఎర్త్ వైపు ఎంత, ఈ మూడు రీడింగులూ బండి బాగా వేడెక్కాక తీసి ఇక్కడ రాయండి. చూసి చెబుతాను.