పదో తరగతి తర్వాత గ్రూపు: కూతురి ఇష్టానికీ తండ్రి భయానికీ మధ్య

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లెటూరు. మూడెకరాల పొలం, నాలుగు గేదెలు ఉన్నాయి. మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. డిసెంబరులో ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు బడికి వచ్చి, కెరీర్ కౌన్సెలింగ్ అని రెండు గంటలు మాట్లాడి, పిల్లలందరి చేతా ప్రశ్నపత్రం ఒకటి పూర్తి చేయించి, మా అమ్మాయికి జీవశాస్త్రం వైపు మొగ్గు ఎక్కువని కాగితం ఇచ్చి వెళ్లారు. అప్పటి నుంచి బైపీసీ తీసుకుని పశువుల డాక్టర్‌ని అవుతానంటోంది. గేదెలంటే దానికి మొదటి నుంచీ ఇష్టమే. ఏ గేదెకు ఎప్పుడు చూలు కట్టే సూది వేయించామో, ఎప్పుడు ఈనుతుందో గోడ మీది క్యాలెండర్‌లో రాసేది అదే. మావారు మాత్రం ఎంపీసీ చదివించి కంప్యూటర్ ఇంజనీర్‌ని చేయాలంటున్నారు. సంక్రాంతికి ముందే విజయవాడలోని ఒక రెసిడెన్షియల్ కాలేజీ పీఆర్వో ఇంటికి వస్తే పదివేలు అడ్వాన్సు కూడా కట్టేశారు. మా ఆడపడుచు కొడుకు అలాగే చదివి అమెరికాలో స్థిరపడ్డాడు. లెక్కల్లో మా అమ్మాయికి ఎనిమిదో తరగతి దాకా మంచి మార్కులే వచ్చేవి, తర్వాత తగ్గాయి. తండ్రీకూతుళ్లు సరిగా మాట్లాడుకోవడం లేదు. ఆ కౌన్సెలింగే లేకపోతే ఇంట్లో ఈ గొడవ ఉండేది కాదని మావారి బాధ. ఒక్క కాగితాన్ని నమ్మి పిల్ల భవిష్యత్తు నిర్ణయించవచ్చా? నేను ఎవరి పక్షాన నిలబడాలి?

జవాబు: అమ్మా, మీ మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పగలను. ఒక్క కాగితాన్ని నమ్మి ఎవరి భవిష్యత్తునూ నిర్ణయించకూడదు. అలాంటి ప్రశ్నపత్రాలు పదిహేనేళ్ల పిల్లలు తమకు ఏ పనులంటే ఇష్టమని చెప్పుకుంటున్నారో మాత్రమే చూపిస్తాయి. ఆ ఇష్టం ఎంత లోతైనదో, దానికి తగిన ఓపిక, శక్తి ఉన్నాయో లేవో, ఆ చదువుకు కావలసిన ఖర్చునూ కాలాన్నీ ఇల్లు భరించగలదో లేదో అవి చెప్పలేవు. రెండు గంటలు మాట్లాడి కాగితం చేతికిచ్చి, తల్లిదండ్రులతో ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్లిపోయిన కార్యక్రమాన్ని నేను సంపూర్ణమైన కౌన్సెలింగ్‌గా లెక్కించను. అది కౌన్సెలింగ్‌కు ఆరంభం, అక్కడితోనే ఆగిపోయింది. మీ ఇంట్లో ఇప్పుడున్న ఇబ్బందిలో పెద్ద భాగం ఈ ఆగిపోవడం వల్లనే వచ్చింది.

అది లేకపోతే గొడవే ఉండేది కాదన్న మీవారి మాటలో ఒక నిజం ఉంది. గొడవ ఉండేది కాదు, ఎందుకంటే అమ్మాయి మనసులో ఏముందో బయటికి వచ్చే అవకాశమే ఉండేది కాదు. అడ్వాన్సు కట్టిన కాలేజీలో జూన్‌లో చేరిపోయేది, తనకు అక్కడ కుదరదన్న సంగతి మొదటి ఏడాది పరీక్షలప్పుడో, ఇంకా ఆలస్యంగానో తెలిసేది. నిజానికి మన ఊళ్లలో పదో తరగతి పిల్లలకు మార్గం చెప్పేవారికి ఏనాడూ కొరత లేదు. పైచదువులు చదివిన బంధువులు, ట్యూషన్ మాస్టారు, ఇంటింటికీ తిరిగే పీఆర్వో, అందరూ చెబుతూనే ఉంటారు. వారిలో చాలామంది మేలు కోరే చెబుతారు, కానీ ఎవరికి తెలిసిన దారి వారు చెబుతారు, పీఆర్వో అయితే సీటు నింపడం కోసమే చెబుతాడు. ఇంటర్‌ ప్రవేశాల ప్రకటన రాకముందే సీట్లు అమ్ముకునే ఈ పద్ధతి పిల్లలకు చేస్తున్న అన్యాయం గురించి ఎంత చెప్పినా తక్కువే. పరీక్ష రాయకముందే, గ్రూపుల మధ్య తేడా తెలియకముందే నిర్ణయం జరిగిపోతోంది. శిక్షణ పొందిన కౌన్సెలర్‌కు మీ అమ్మాయి ఏ గ్రూపులో చేరినా ఒరిగేదేమీ ఉండదు, ఉండకూడదు. అతని సలహాకు విలువ అక్కడి నుంచే వస్తుంది. అందుకే, కౌన్సెలింగ్ చెప్పేవారు ఎవరైనా సరే, ఏ కాలేజీతోనైనా, అడ్మిషన్లు ఇప్పించే కన్సల్టెన్సీతోనైనా వారికి సంబంధం ఉందేమో ముందుగా కనుక్కోండి.

1908లో అమెరికాలోని బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ యువతకు వృత్తి సలహా కేంద్రం ప్రారంభించినప్పుడు చెప్పిన పద్ధతి నేటికీ ఈ పనికి పునాదిగా ఉంది. మనిషి తనను తాను తెలుసుకోవాలి, వృత్తుల గురించి వాస్తవాలు తెలుసుకోవాలి, ఆ రెంటినీ కలిపి తానే ఆలోచించి నిర్ణయం తీసుకోవాలి. మీ అమ్మాయి విషయంలో మొదటి మెట్టులో సగం మాత్రమే అయింది. రెండోదీ మూడోదీ మొదలే కాలేదు. మీవారి వైపు నుంచి చూస్తే మరొక అమ్మాయో అబ్బాయో నడిచిన దారి ఎదురుగా ఉంది తప్ప, మీ అమ్మాయిని తెలుసుకునే మెట్టు అసలే లేదు. ఇద్దరికీ మిగిలిన పని ఉంది, అది కలిసి చేయగలిగిన పనే.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి రెండు విషయాలు. ఒకటి లెక్కల మార్కులు. ఎనిమిదో తరగతి వరకు బాగా చేసిన పిల్లకు తొమ్మిదిలో మార్కులు ఎందుకు తగ్గాయో మీ ఇంట్లో ఎవరూ అడిగినట్లు లేదు. ఉపాధ్యాయుడు మారారా, బీజగణితంలో ఏదో ఒక పాఠం అర్థం కాక అక్కడి నుంచి వెనకబడిందా, తరగతిలో ఎవరైనా చిన్నబుచ్చారా, లేక నిజంగానే ఆసక్తి తగ్గిందా? ఇది తేలకుండా బైపీసీ నిర్ణయం కూడా సరైనది కాదు. ఎందుకంటే లెక్కలంటే భయంతో బైపీసీకి వచ్చే పిల్లలున్నారు, జీవశాస్త్రం మీద ప్రేమతో వచ్చే పిల్లలున్నారు. మొదటి రోజు ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. బైపీసీలోనూ భౌతికశాస్త్రం ఉంటుంది, అందులో లెక్క తప్పదు, భయపడి వచ్చిన పిల్ల అక్కడ మళ్లీ అదే భయాన్ని ఎదుర్కొంటుంది. పైగా లెక్కలు పూర్తిగా వదిలేస్తే ఇంజనీరింగ్ దారి దాదాపు మూసుకుపోతుంది కాబట్టి, తెలిసి వదలడానికీ పారిపోయి వదలడానికీ ఉన్న తేడా అమ్మాయికే అర్థం కావాలి. తండ్రి ఎదుట కాకుండా, తీరికగా ఉన్నప్పుడు మీరే ఆమెను ఈ సంగతి అడగండి.

రెండోది ఆ క్యాలెండర్. గేదె చూలు దాదాపు పది నెలల పది రోజులు మోస్తుందని లెక్కవేసుకుని, సూది వేయించిన తేదీ పక్కన ఈనే తేదీ రాసిపెట్టుకునే పిల్ల, ఎవరో వచ్చి ప్రశ్నపత్రం ఇచ్చినందువల్ల కొత్తగా కోరిక పెంచుకున్న పిల్ల కాదు. పదిహేనేళ్ల వయసులో ఎవరూ చెప్పకుండా ఒక పనిని క్రమం తప్పక చేస్తుండటం ఏ ప్రశ్నపత్రం కంటే కూడా బలమైన ఆధారమని నేను నమ్ముతాను. ఆ కాగితం చేసిందల్లా ఆమె చేస్తున్న పనికి ఒక చదువు, ఒక ఉద్యోగం ఉన్నాయని చెప్పడమే. ఈ విషయాన్ని మీవారితో చెప్పేటప్పుడు కాగితం ప్రస్తావన తీసుకురాకుండా క్యాలెండర్ నుంచే మొదలుపెట్టండి. ఆయన కూడా దాన్ని రోజూ చూస్తున్నారు.

మీవారి భయాన్ని తేలికగా తీసుకోవద్దు. మూడెకరాల మీద బతికే రైతు తన కూతురు పేడ, పాల నుంచి దూరంగా, నెల తిరిగేసరికి జీతం వచ్చే కొలువులో ఉండాలని కోరుకోవడంలో తప్పులేదు. ఆయనకు పశువైద్యం అంటే ఊళ్లో తిరిగి సూదులు వేసే పనిగానే కనిపిస్తుండవచ్చు. కాబట్టి వాస్తవాలు ఆయన ముందు పెట్టాలి. పశువైద్య పట్టా, అంటే బీవీఎస్సీ అండ్ ఏహెచ్, ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నర సంవత్సరాల వృత్తి చదువు. రాష్ట్రంలో తిరుపతి కేంద్రంగా శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, దాని కళాశాలల్లో ఒకటి విజయవాడ పక్కనే గన్నవరంలో ఉంది. చదివినవారికి ప్రభుత్వ పశువైద్యశాలల్లోనే కాక డెయిరీలలో, కోళ్ల పరిశ్రమలో, మందుల, దాణా కంపెనీలలో, బ్యాంకుల్లో వ్యవసాయ రుణాల విభాగాల్లో, పరిశోధనలో అవకాశాలున్నాయి. అదే సమయంలో సీట్లు పరిమితమని, పోటీ గట్టిగా ఉంటుందని కూడా అమ్మాయికి దాచకుండా చెప్పాలి. అఖిల భారత కోటా కింద 15 శాతం సీట్లను నీట్ ర్యాంకుతో నింపుతారు; రాష్ట్ర సీట్లకు ఏ పరీక్ష ర్యాంకు తీసుకుంటారో, ఏయే రిజర్వేషన్లు వర్తిస్తాయో విశ్వవిద్యాలయం విడుదల చేసే ప్రకటనలో చదివి రాసుకునే పని అమ్మాయికే అప్పగించండి.

ఆ సీటు రాకపోతే ఏమిటన్న ప్రశ్న మీవారు తప్పక వేస్తారు, వేయాలి కూడా. బైపీసీ నుంచి బీఎస్సీ అగ్రికల్చర్, హార్టికల్చర్, ఫిషరీస్, ఫార్మసీ, నర్సింగ్ వైపు వెళ్లవచ్చు. ఇంటర్‌తో పని లేకుండా పదో తరగతి మీదనే చేరగలిగే రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా కూడా ఉంది. ఇంట్లో చదువు ఖర్చు భారమైతే అది గౌరవంగా తలచదగిన దారి, దాన్ని తక్కువ చదువుగా చూడవద్దు. వీటిలో తనకు ఏది రెండో దారి, ఏది మూడో దారి అన్నది అమ్మాయి స్వయంగా ఒక కాగితం మీద రాసి, ఎందుకో తండ్రికి చెప్పగలగాలి. అలా చెప్పగలిగిన రోజున ఆయన ఆమెను మొండిపిల్లగా చూడటం మానేస్తారు.

ఇక చేయవలసిన పని. పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా ఈ చర్చను ఆపండి. పరీక్షల ముందు ఇంట్లో ఈ ఒత్తిడి ఉండకూడదు, ఆ మాట ఇద్దరికీ మీరే గట్టిగా చెప్పాలి. పరీక్షలు అయ్యాక అమ్మాయిని మీ మండలంలోని పశువైద్యశాలకు, ఉదయం పశువులు వచ్చే వేళకు, కొన్నాళ్లు పంపండి. అక్కడి డాక్టర్ అనుమతి తీసుకుంటే చాలు. అడ్డం తిరిగిన దూడను బయటికి తీయడం, కుళ్లిన పుండు కడగడం, కళ్లెదుట చనిపోయిన గేదె యజమానికి సమాధానం చెప్పడం చూశాక కూడా ఆమె ఇష్టం నిలిచిందా లేదా అన్నది ముఖ్యం. ఆ తర్వాత తండ్రీకూతుళ్లు ఇద్దరే గన్నవరం వెళ్లి కళాశాల చూసి, అక్కడ చదువుతున్న అమ్మాయిలతో మాట్లాడి రావాలి. మీరు వెళ్లకండి. మీరు వెంట ఉంటే ఇద్దరూ మీతోనే మాట్లాడతారు.

ఆ ప్రయాణం తర్వాత ముగ్గురూ కలిసి కౌన్సెలర్ ముందు కూర్చోండి. 2025 జులైలో, విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు, వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలు అర్హతగల కౌన్సెలర్‌ను నియమించుకోవాలని, విద్యార్థులకే కాక తల్లిదండ్రులకు కూడా క్రమం తప్పకుండా కెరీర్ కౌన్సెలింగ్ అందించాలని మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి ప్రధానోపాధ్యాయుడిని కలిసి, డిసెంబరులో వచ్చినవారినో మరొకరినో పిలిపించి తల్లిదండ్రులతో సహా మాట్లాడించమని అడగడానికి మీరు మొహమాటపడనక్కరలేదు. మీలా అడగాలనుకునే తల్లులు ఆ బడిలో ఇంకా ఉంటారు.

ఎవరి పక్షాన నిలబడాలని అడిగారు. కూతురి ఎదుట భర్తను, భర్త ఎదుట కూతురిని తప్పుపట్టకుండా, పైన చెప్పిన పనులు జరిగేలా చూసే పక్షాన నిలబడండి. నా అభిప్రాయం కూడా దాచను. పశువైద్యశాలలో గడిపి వచ్చాక కూడా అమ్మాయి అదే మాట మీద ఉంటే, లెక్కల గురించి తాను ఏమనుకుంటోందో స్పష్టంగా చెప్పగలిగితే, ఆమెను బైపీసీలోనే చేర్చాలి. కట్టిన పదివేలు తిరిగి అడగండి, రసీదు ఉంటే కాలేజీకి రాతపూర్వకంగా రాయండి. ఒకవేళ రాకపోయినా, ఆ పదివేల కోసం రెండేళ్ల చదువును ఇష్టం లేని చోట పెట్టడం పెద్ద నష్టం. దానికి భిన్నంగా, అక్కడ చూసినవి ఆమెకు నచ్చక వేరే ఆలోచన మొదలైతే, తండ్రి గెలిచినట్లు ఎవరూ మాట్లాడకండి, మళ్లీ ఆలోచించుకోవడానికి ఆమెకు గడువు ఇవ్వండి.

ఈ మధ్యలో అమ్మాయి తిండి, నిద్ర మానేసినా, బతకడం ఎందుకన్న మాట ఎప్పుడైనా అన్నా, గ్రూపు సంగతి పక్కన పెట్టి వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ 14416 నంబరుకు ఫోన్ చేయండి. ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ఇంటర్‌లో ఏ గ్రూపులో చేరినా, మొదటి మూడు నెలల పరీక్షలు అయ్యాక మళ్లీ ఒకసారి కౌన్సెలర్‌ను కలిసేలా ఇప్పుడే మాట తీసుకోండి. అప్పటికి ఆమె మార్కులు, ఉపాధ్యాయుల మాట, ఆమె సొంత అనుభవం, అన్నీ చేతిలో ఉంటాయి, మార్చుకోవలసింది ఏదైనా ఉంటే ఇంకా సమయం ఉంటుంది.