టీవీ కట్టేసి పడుకున్న మా మేనల్లుడికి

ఒరే అబ్బీ,

ఫోన్లో చెప్తే సగం విని "సరే మామా" అనేస్తావని రాస్తున్నా. ఈసారి ప్యారిస్‌లో జరిగే ఫ్రెంచ్ ఓపెన్ టెన్నిస్ మొదటి రోజు నుంచీ చూస్తానని అంటున్నావంట, మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. కానీ 2025 ఫైనల్ రాత్రి నువ్వు చేసిన పని నాకు ఇంకా మనసులోనే ఉంది. అల్కరాస్ మొదటి రెండు సెట్లు పోగొట్టుకుని, మూడోది ఎలాగో లాక్కుని, నాలుగో సెట్లో 3-5తో వెనకబడి, తన సర్వీసులోనే 0-40కి వచ్చేశాడు. ఎదురుగా ఆడుతున్న సినర్‌కి ఇంకొక్క పాయింటు వస్తే కప్పు, దానికి మూడు ఛాన్సులు. అప్పుడే నువ్వు "అయిపోయింది మామా" అని మెసేజ్ పెట్టి టీవీ కట్టేసి పడుకున్నావు. నీకు నచ్చినవాడు ఓడిపోతుంటే చూడలేకపోయావు, అర్థమవుతుంది. పొద్దున లేచి పేపర్ చూశాక నీ గొంతు ఎలా ఉందో నాకింకా గుర్తుంది.

అందుకే చెప్తున్నా, ఫ్రెంచ్ ఓపెన్ ఆడే మట్టి కోర్టు మీద "అయిపోయింది" అనే మాట తొందరగా అనకూడదు. ఇదేదో ధైర్యం చెప్పడానికి అంటున్నది కాదు, ఆ నేల తీరే అంత. గడ్డి మీద బంతి జారిపోతుంది, లేవదు, గట్టి సర్వీసు పడితే అవతలివాడు చూస్తూ నిలబడాల్సిందే. మట్టి బంతిని పట్టుకుంటుంది, దాని వేగం కొంత తాగేస్తుంది, తర్వాత పైకి లేపుతుంది. ఆ కాస్త టైము చాలు, అవతలివాడు పరిగెత్తి అందుకుంటాడు. నువ్వు గెలిచేశాననుకున్న షాట్ తిరిగొస్తుంది, మళ్ళీ కొట్టాలి, మళ్ళీ తిరిగొస్తుంది. గడ్డి మీద ఆడే వింబుల్డన్ 7 సార్లు గెలిచిన సంప్రాస్ ప్యారిస్‌లో ఒక్కసారి కూడా ఫైనల్‌కి రాలేదంటే ఆలోచించు. సర్వీసు ఒక్కదాన్ని నమ్ముకుంటే అక్కడ గేములు దక్కవు కాబట్టి, ముందంజలో ఉన్నవాడికి కూడా ఆ ముందంజ చేతిలో గట్టిగా నిలవదు.

ఆ రాత్రి నువ్వు పడుకున్నాక ఏం జరిగిందో స్కోరు చదివావు గానీ చూడలేదు కదా. అల్కరాస్ ఆ మూడు పాయింట్లూ కాపాడుకున్నాడు, 6-6 అయ్యాక ఆడే టైబ్రేక్‌లో సెట్ లాక్కున్నాడు, ఐదో సెట్లో 5-4 దగ్గర మ్యాచ్ కోసం సర్వ్ చేస్తే ఈసారి సినర్ బ్రేక్ చేశాడు, అంటే అవతలివాడి సర్వీసు గేమునే గెలిచాడు! ఆఖరి టైబ్రేక్ 10-2తో అల్కరాస్‌దే. మొత్తం 5 గంటల 29 నిమిషాలు, ఆ టోర్నీ చరిత్రలో అంత పొడుగు ఫైనల్ ఇంకోటి లేదు. మనకు అర్ధరాత్రి దాకా సాగింది. మీ అత్త మధ్యలో రెండుసార్లు లేచొచ్చి చూసి, మూడోసారి నా పక్కనే కూర్చుండిపోయింది.

ఇది ఆ ఒక్క రోజు మాట కూడా కాదు. 2004 ఫైనల్లో గాడియో మొదటి సెట్ 0-6, రెండోది 3-6 పోగొట్టుకుని, ఐదో సెట్లో రెండు మ్యాచ్ పాయింట్లు తప్పించుకుని కోరియా మీద 8-6తో గెలిచాడు. 1989లో 17 ఏళ్ల మైకేల్ చాంగ్ అయితే అప్పటి ప్రపంచ నంబర్ వన్ లెండిల్ లాంటివాడి మీద రెండు సెట్లు వెనకబడి, కాళ్లు పట్టేసి నిలబడలేక, కింది నుంచి చేత్తో సర్వ్ చేసి మరీ గెలిచి, చివరికి కప్పే ఎత్తాడు. నేను ఎక్కువ తలుచుకునేది 2009 ఫెదరర్‌ని. ముందురోజే సోడర్లింగ్ చేతిలో నాదల్ ఓడిపోయాడు, ప్యారిస్‌లో అతనికి అదే మొదటి ఓటమి, ఫెదరర్‌కి దారి తెరుచుకుంది అని లోకమంతా అంటోంది. మర్నాడు చూస్తే హాస్ మీద ఫెదరర్ రెండు సెట్లు వెనక, మూడో సెట్లో 3-4, తన సర్వీసులో బ్రేక్ పాయింట్. అది పోతే ఇంటికే. అక్కడ ఒక ఫోర్‌హ్యాండ్ గీత దగ్గర పడేటట్టు కొట్టి ఆ పాయింటు నిలుపుకున్నాడు, మ్యాచ్ కూడా గెలిచాడు. అదే ఏడు అతనికి అక్కడ దక్కిన ఒకే ఒక్క కప్పు వచ్చింది. ఆ పాయింటు దగ్గర టీవీ కట్టేసినవాళ్లు ఎంతమంది ఉంటారో అని నాకిప్పటికీ అనిపిస్తుంది.

ఇంక చూడటం ఎలాగంటే, నువ్వు బంతి వెంట కళ్ళు తిప్పుతున్నావు, అందరం అట్లే మొదలుపెడతాం. కాసేపు బంతిని వదిలేసి ఒక్క ఆటగాడి కాళ్లనే చూడు. మట్టి తెలిసినవాడు కొట్టకముందే జారడం మొదలుపెట్టి, జారుడు ఆగేసరికి బంతి కొట్టి, అక్కణ్ణుంచే వెనక్కి తిరుగుతాడు. తెలియనివాడు కొట్టాక జారతాడు, అవతలి షాట్ వచ్చేసరికి ఇంకా పక్కకే పోతుంటాడు. ఇది నీ కంటికి పట్టుబడితే, ఎవరికి ఇబ్బంది మొదలైందో స్కోరు బోర్డు కంటే ముందే నీకు తెలిసిపోతుంది. హైలైట్స్‌లో ఇది దొరకదు, చివరి షాట్ ఒక్కటే వేస్తారు. దాని ముందు పన్నెండు షాట్లు కొట్టి అవతలివాణ్ణి కొంచెం కొంచెంగా మూలకు నెట్టిన పనంతా కత్తిరించేస్తారు. అసలు ఆట అదే.

బంతి గుర్తు సంగతి కూడా చెప్పాలి. 2025లో కూడా అక్కడ గీత దగ్గర తీర్పు మనుషులదే, అనుమానమొస్తే అంపైర్ కుర్చీ దిగొచ్చి మట్టి మీద గుర్తు చూసి చెప్తాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను క్లబ్బులో మట్టి కోర్టు మీద ఆడేవాణ్ణి. పొద్దున్నే కోర్టు చూసుకునే మార్కర్ నీళ్లు చల్లి, రోలర్ లాగి, సున్నంతో గీతలు వేసేవాడు, ఆ తడి మట్టి వాసనకే సగం నిద్ర వదిలేది. ఒకరోజు డబుల్స్‌లో బంతి బయట పడిందని గట్టిగా వాదించి, నాకంటే పెద్దాయనతో మాట తూలాను. మార్కర్ వచ్చి కూర్చుని వేలు పెట్టి చూపించాడు. నేను చూపిస్తున్నది పాత గుర్తు, అంచులు చెదిరిపోయి ఉన్నాయి. కొత్తది గీత మీదే ఉంది, పొడుగ్గా, బంతి పోయిన వైపు మట్టి రేణువులు కుప్పగా నెట్టుకుని ఉన్నాయి. వేగంగా వచ్చిన బంతి గుర్తు అట్లా సాగి ఉంటుంది, పైనుంచి దిగిన లాబ్ గుర్తు గుండ్రంగా ఉంటుంది. ఆ పెద్దాయనకు ఆరోజే క్షమాపణ చెప్పాను. అప్పటి నుంచి టీవీలో అంపైర్ వంగి చూస్తుంటే నేనూ ముందుకు వంగుతాను.

వాతావరణం చూడటం మర్చిపోవద్దు. అక్కడ ఎర్రగా కనిపించే ఇటుక పొడి ఒకటి రెండు మిల్లీమీటర్ల మందమే, కింద సున్నపురాయి పొడి, బొగ్గు చిట్టెం, కంకర, పెద్ద రాళ్లు. ఎండ కాస్తే పైపొర ఎండి బంతి చురుగ్గా, ఎత్తుగా లేస్తుంది, నాదల్ ఎడమచేత్తో ముందుకు తిరిగేటట్టు కొట్టే టాప్‌స్పిన్ బంతి కుడిచేతివాళ్ల భుజం దాకా ఎక్కేది అట్లాంటి రోజుల్లోనే. మబ్బు పట్టి చెమ్మ ఉంటే బంతి మట్టి అంటుకుని బరువెక్కుతుంది. 2020లో కోవిడ్ వల్ల టోర్నీ వాయిదా పడి చలిలో జరిగితే ఇంక నాదల్ పని అయిపోయిందన్నారు. ఒక్క సెట్ కూడా ఇవ్వకుండా గెలిచి, ఫైనల్లో జకోవిచ్ మీద మొదటి సెట్ 6-0తో లాక్కున్నాడు.

నాదల్ మాట వచ్చింది కాబట్టి, 14 కప్పులు, 112 గెలుపులు, 4 ఓటములు, ఈ లెక్కలు నీకు కంఠతా వచ్చని నాకు తెలుసు. మరి మన ఊళ్ళోనే, ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్ల స్పోర్ట్స్ విలేజ్‌లో అతని ఫౌండేషన్ పెట్టిన టెన్నిస్ స్కూలు ఉందని తెలిసి కూడా నువ్వు ఒక్కసారైనా లోపలికి పోయి చూశావా? 2010లో నాదల్ స్వయంగా అనంతపురం వచ్చాడురా. స్పెయిన్ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన ఫాదర్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆ ఆర్డీటీ ద్వారా, పల్లెల పేద పిల్లలకు రాకెట్ చేతికిచ్చి, దాంతోపాటు ఇంగ్లీషు, కంప్యూటర్ నేర్పించే స్కూలు అది. ప్యారిస్ పోయి చూడటం మనవల్ల కాకపోవచ్చు, అక్కడికి ఆటోలో పోవచ్చు. మ్యాచ్‌లు మొదలయ్యేలోపు ఒక సాయంత్రం పోదాం, నేనొస్తా. అడిగి, పర్మిషన్ తీసుకుని, పిల్లలు కాళ్లు ఎట్లా వేస్తున్నారో ఒక గంట చూడు.

ఇంకో సంగతి, ఎదుటివాణ్ణి తిట్టొద్దు. సినర్ మీద నువ్వు పెట్టిన మెసేజ్‌లు నాకు నచ్చలేదు. ఫైనల్ దాకా ఒక్క సెట్ కూడా పోగొట్టుకోని పిల్లోడు, మూడు మ్యాచ్ పాయింట్లు చేజారాక కూడా ఐదో సెట్లో బ్రేక్ తిరిగి తీసుకున్నాడంటే వాడి గుండె ఎంతటిదో. వాడు అంత ఆడబట్టే నీవాడి గెలుపుకి అంత విలువ.

నిద్ర పాడుచేసుకోకు. మనకు మధ్యాహ్నం రెండున్నరకు ఆట మొదలవుతుంది, మొదటి వారం చిన్న కోర్టుల మీద మంచి మ్యాచ్‌లు ఆ టైములోనే దొరుకుతాయి. డబుల్స్ కూడా చూడు, 1999లో పేస్, భూపతి గెలిచింది, 2012లో సానియా భూపతితో కలిసి మిక్స్‌డ్ గెలిచింది అక్కడే. రాత్రి పావు తక్కువ పన్నెండుకు మొదలయ్యే మ్యాచ్ పొద్దున లేచి చూసుకో, కాకపోతే స్కోరు చూడకుండా మొత్తం చూడు.

ఫైనల్ ఆదివారం సాయంత్రం ఆరున్నరకు. ఈసారి మా ఇంటికే రా. అత్త చెనిక్కాయలు ఉడకబెడతానంది. కరెంటు పోతుందేమోనని ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు పోయించాను. రిమోట్ మాత్రం నా దగ్గరే ఉంటుంది.

మీ మామ,
అనంతపురం