పెద్ద ఉప్పునీటి అక్వేరియానికి ఎలాంటి ఫిల్టర్ ఎంచుకోవాలి?

800 లీటర్ల ఉప్పునీటి తొట్టెలో పగడాలు లేకుండా చేపలను మాత్రమే పెంచడానికి పెద్ద క్యానిస్టర్ ఫిల్టర్ (తొట్టె బయట పెట్టే, మూసి ఉన్న డబ్బా లాంటి ఫిల్టర్) ఒక్కటి సరిపోతుందా అన్నది ప్రశ్న. నా అభిప్రాయంలో సరిపోదు. ఆ డబ్బును ముందుగా ప్రొటీన్ స్కిమ్మర్‌కూ, తొట్టె కింద అమర్చే సంప్ అనే అదనపు నీటి తొట్టెకూ కేటాయించడం మేలు.

క్యానిస్టర్ మలినాలను పట్టి ఉంచుతుందే గాని నీటి నుంచి తొలగించదు. తరచూ విప్పి కడగకపోతే అవి అందులోనే కుళ్లి నైట్రేట్‌ను పెంచుతాయి. స్కిమ్మర్ పనిచేసే తీరు వేరు. ఉప్పునీటిలో గాలి బుడగలు చాలా సన్నగా ఏర్పడతాయి కనుక, చేపల విసర్జితాల నుంచీ మిగిలిన మేత నుంచీ నీటిలో కలిసే సేంద్రియ పదార్థాలు ఆ బుడగలకు అంటుకొని, కుళ్లకముందే గోధుమరంగు నురుగుగా పైనున్న కప్పులోకి చేరతాయి. పెద్ద చేపలు బాగా తింటాయి కాబట్టి, కనీసం 1,200 లీటర్లకు పనికివచ్చే స్కిమ్మర్‌నే తీసుకోండి.

అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా నిలవడానికి రంధ్రాలున్న రాళ్లు కావాలి. చివరికి మిగిలే నైట్రేట్‌ను మాత్రం ప్రధానంగా నీరు మార్చే తగ్గించాలి.

సంప్ నుంచి నీటిని తిరిగి తొట్టెలోకి ఎక్కించే పంపు పెట్టెపై రాసిన ప్రవాహం నీటిని ఎత్తనవసరం లేనప్పటిది. మీటరున్నర ఎత్తుకు అది బాగా తగ్గుతుంది. కరెంటు పోయినప్పుడు వెనక్కి దిగే నీరంతా పట్టేంత ఖాళీ సంప్‌లో ఉండి తీరాలి. అదే సమయంలో చేపలకు ఆక్సిజన్ కూడా తగ్గుతుంది కనుక, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపును మొదటి రోజు నుంచే సిద్ధంగా ఉంచుకోండి.