టెక్ సందేహాలు: ఫ్లాష్ ప్లేయర్ అడిగితే ఇన్‌స్టాల్ చేయకండి

ప్రశ్న: సిరొంచ దగ్గర హైస్కూల్లో సైన్స్ చెబుతాను. పాత సీడీలో గుండె పనితీరు యానిమేషన్ తెరిస్తే ఫ్లాష్ ప్లేయర్ కావాలంది. టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన లింక్ నొక్కి ఇన్‌స్టాల్ చేశాను. యానిమేషన్ రాలేదు సరికదా, అప్పట్నుంచి బ్రౌజర్ నిండా ప్రకటనలే. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ కంప్యూటర్‌కి నెట్ తీసేయండి. మిగతాది ఆ తర్వాత చదవండి.

రాయగడ నుంచీ పర్లాకిమిడి నుంచీ కిన్వట్ నుంచీ ఇదే గోడు వస్తూనే ఉంది. బ్రౌజర్లో యానిమేషన్లు నడిపించే ఫ్లాష్ ప్లేయర్‌కి 2020 డిసెంబర్ 31తోనే నూకలు చెల్లాయి. 2021 జనవరి 12 నుంచి అందులో ఏదీ నడవకుండా తయారీదారులే ఆపేశారు. ఇప్పుడు ‘ఫ్లాష్ అప్‌డేట్’ అంటూ ఎవరు ఏ లింక్ పంపినా అది దొంగదేననుకోండి.

ప్రకటనలు పైకి కనబడే గొడవ మాత్రమే. నా భయం వేరే. చాలా బడుల్లో పనికొచ్చే కంప్యూటర్ ఒక్కటే ఉంటుంది. పొద్దున దాంట్లోనే పాఠం చూపిస్తారు, మధ్యాహ్నం దాంట్లోనే స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపుతారు. పిల్లల ఆధార్ నంబర్లు, పుట్టిన తేదీలు, తల్లిదండ్రుల బ్యాంకు ఖాతాలు ఒకే ఎక్సెల్ షీట్లో డెస్క్‌టాప్ మీదే పడి ఉంటాయి. పాస్‌వర్డులన్నీ బ్రౌజర్లో సేవ్ అయి ఉంటాయి. దొంగ ప్రోగ్రాములు వెతికేది వాటికోసమే. పోయేది మీ ఒక్కరి డబ్బయితే మీరే చూసుకుంటారు. తమ నంబర్లు ఎక్కడికి పోయాయో ఆ పిల్లల ఇళ్లలో ఎవరికీ తెలియను కూడా తెలియదు.

కాబట్టి మెయిల్, బ్యాంకు, బడి పోర్టల్ పాస్‌వర్డులు ఈరోజే మార్చండి. ఆ మెషీన్లో కాదు, వేరే ఫోన్లోంచి. స్కాన్ చేసి ‘అంతా బాగానే ఉంది’ అనిపించుకుంటే చాలదు. ఫొటోలు, పత్రాలు మాత్రం కాపీ చేసుకుని ఆపరేటింగ్ సిస్టమ్ మళ్లీ వేయించండి. ఖాతాలోంచి డబ్బు పోయినట్టు కనబడితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. హెడ్మాస్టరుగారికి చెప్పడానికి మొహమాటపడకండి. లింక్ పెట్టినాయన కూడా మీలాగే నమ్మి ఉంటారు, గ్రూపులో చెప్పి దాన్ని తీయించండి.

ఇక మీ యానిమేషన్ సంగతి. పాత ఫ్లాష్ ఫైళ్లను నడిపించడానికి రఫుల్ (Ruffle) అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. దాని సొంత సైట్ నుంచే దించుకోండి. అన్నీ నడవకపోవచ్చు, చాలావరకు నడుస్తాయి.

ప్రశ్న: మాది గుణుపురం వైపు. బడిలో నెట్ అందదు. పదో తరగతికి విద్యుత్తు పాఠం సిమ్యులేషన్లతో చెప్పే దారుందా?

జవాబు: ఉంది. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ‘ఫెట్’ (PhET) సిమ్యులేషన్ల సైట్ చూడండి. అక్కడి కొత్త సిమ్యులేషన్లు ఒక్కొక్కటీ ఒక్కో హెచ్‌టీఎంఎల్ ఫైలుగా డౌన్‌లోడ్ అవుతాయి. సిగ్నల్ ఉన్నచోట దించుకుని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తే నెట్ లేకుండానే బ్రౌజర్లో తెరుచుకుంటాయి. తెలుగులో కూడా కొన్ని ఉన్నాయి. ఓమ్ నియమం దాంట్లో నిరోధం పెంచితే తెరమీద ‘ఆర్’ అక్షరం పెద్దదవుతుంది, కరెంటును సూచించే ‘ఐ’ చిన్నదవుతుంది. ఇంట్లో ఒడియానో సవరో మాట్లాడే పిల్లలకీ అది చూడగానే అర్థమవుతుంది. సర్క్యూట్ కిట్‌లో బల్బు లేకుండా బ్యాటరీ రెండు కొనలూ వైరుతో కలిపి చూపించండి, మంట లేస్తుంది. షార్ట్ సర్క్యూట్ గురించి మళ్లీ చెప్పక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: జిరాక్స్ షాపులో ప్రింట్ల కోసం ఇచ్చే పెన్‌డ్రైవ్‌ను దీనికి వాడొద్దు. ఫైళ్లను దాచేసి వాటి బదులు షార్ట్‌కట్లు చూపించే ‘షార్ట్‌కట్ వైరస్’ ఎక్కువగా అక్కడే అంటుకుంటుంది.

ఒక్క ఫైలుతో ఇంత పని జరుగుతుంటే, మన దగ్గర తయారయ్యే సైన్స్ యాప్‌లు ఇన్ని లాగిన్లు ఎందుకు అడుగుతున్నాయి? బ్యాటరీ బొమ్మ చూపించేలోపు పిల్ల పేరు, తరగతి, పుట్టిన తేదీ, మొబైల్ నంబర్, ఓటీపీ! ఈ జిల్లాల్లో ఆ ఓటీపీ వచ్చే ఫోన్ పనికోసం వలస వెళ్లిన నాన్న దగ్గర ఉంటుంది. పీరియడ్ అయ్యేలోపు ఆయన్ని పట్టుకునేదెలా? పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023లో చట్టం చేశారు. అనుమతి సంగతి తర్వాత, ఓమ్ నియమం నేర్పడానికి పిల్ల పుట్టిన తేదీతో అసలు పనేమిటి? పాఠం ఉచితం అంటూ పిల్లల వివరాలు పోగేసుకోవడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. అలాంటి యాప్‌లో తరగతి మొత్తాన్నీ చేర్పించమని పైనుంచి ఒత్తిడి వస్తే, ఏయే వివరాలు ఎందుకు కావాలో రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: మా బల్లార్షా బడికి పెద్ద టచ్ ప్యానెల్ వచ్చింది. వీడియోల కోసం నా జీమెయిల్‌తో లాగిన్ అవ్వొచ్చా?

జవాబు: వద్దు. ఈ రకం ప్యానెళ్లు చాలావాటికి పాత ఆండ్రాయిడే గతి, సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. పైగా మీరు బయటికెళ్లగానే మీ ఫొటోలూ మెయిళ్లూ తరగతి మొత్తానికీ తెరిచి ఉన్నట్టే. బడి పేరుమీద ఖాతా వేరుగా తెరవండి. ఇప్పటికే మీది పెట్టేసి ఉంటే, ఫోన్‌లో గూగుల్ ఖాతా సెట్టింగ్స్‌కి వెళ్లి సెక్యూరిటీ కింద ఉన్న పరికరాల జాబితాలో ఆ ప్యానెల్‌ను ఎంచుకుని సైన్ అవుట్ నొక్కండి.