పుప్పొడి అలర్జీనా, మామూలు జలుబా? ఎలా తెలుస్తుంది?

"ఏటా ఇదే సీజన్‌లో ముక్కు కారుతోంది, ఇది జలుబా, పుప్పొడి అలర్జీనా?" అని అడిగారు. "ఏటా ఇదే సీజన్‌లో" అన్న మాటలోనే సగం జవాబు ఉంది, అది అలర్జీ వైపే మొగ్గుతుంది.

నేనైతే ముందు దురద సంగతి అడుగుతాను. కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతూ, ముక్కులో, అంగిట్లో దురద పెడుతుంటే అలర్జీ అనుకోవచ్చు. పుప్పొడిని శరీరం శత్రువనుకుని హిస్టమిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తుంది. ఆ దురద, వరుస తుమ్ములు దాని పనే. జలుబు వైరస్ వల్ల వస్తుంది. అందులో గొంతు నొప్పి, ఒళ్లు నొప్పులు, ఒక్కోసారి కొద్దిగా జ్వరం ఉంటాయి కానీ కళ్ల దురద అరుదు. అలర్జీకి జ్వరం రాదు.

ఇక రోజుల లెక్క. జలుబు సాధారణంగా 7 నుంచి 10 రోజుల్లో తగ్గిపోతుంది. అలర్జీ గాలిలో పుప్పొడి ఉన్నన్నాళ్లూ, అంటే వారాల తరబడి, వదలదు. బయట తిరిగితే ఎక్కువవుతుంది.

చాలామంది చీమిడి రంగు చూసి తేల్చేస్తారు. అలర్జీలో అది నీళ్లలా ఉండే మాట నిజమే, కానీ జలుబు మొదట్లోనూ అలాగే ఉంటుంది. దాన్ని నమ్ముకోవద్దు.

ఆయాసం, పిల్లికూతలు ఉంటే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి డాక్టర్‌కి చూపించుకోండి.