సిరా ఒలికిందని బొమ్మ చించకు

చిరంజీవి బిడ్డకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన నల్లగొండ దగ్గరి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం బొమ్మ చూశాను. మూడు గర్భగుళ్లూ, నడుమ మండపమూ కొలతల్లో చక్కగా కుదిరాయి. స్తంభం మీద సిరా ఒలికిందని షీటు చించేస్తానన్నావు. ఆ పని మాత్రం చెయ్యకు. ఇంత మంచి బొమ్మను ఒక మరక కోసం వదులుకుంటావా?

ఇకముందు బొట్టు పడితే వెంటనే తుడవకు. తుడిస్తే చుక్క కాస్తా అరచేతి వెడల్పు అవుతుంది. అద్దుడు కాగితం మూలను తడికి ఆనించి ఊరుకో, అదే పీల్చుకుంటుంది. తర్వాత రాత్రంతా ఆరనివ్వు.

నువ్వు వాడింది ఇండియన్ ఇంకు, అంటే కాగితం పైనే గట్టిపడే నల్ల సిరా, షీటు కూడా దళసరిదే కాబట్టి బ్లేడుతో గీకవచ్చు. పలుచని కాగితమైతే చిల్లు పడుతుంది. కొత్త బ్లేడు తీసుకుని, మొన గుచ్చుకోకుండా, అంచును దాదాపు నిలువుగా పట్టి ఒకే దిక్కుకు తేలికగా లాగు. నల్లటి పొడి లేస్తుంది. నోటితో ఊదితే తడి పడుతుంది, మెత్తటి బ్రష్షుతో తోసెయ్యి. నలుపంతా బ్లేడుతోనే పోవాలని పట్టుబట్టకు. బూడిదరంగుకు రాగానే ఆపి, మిగిలింది గట్టి రబ్బరుతో తియ్యి. అప్పటికి కాగితం నూగు లేచి ఉంటుంది. పైన ట్రేసింగ్ కాగితం పరిచి చెంచా వీపుతో రుద్దితే అణుగుతుంది. అయినా అక్కడ కాగితం పైపూత పోయింది కదా, నిండు పాళీతో గీస్తే సిరా పక్కలకు పాకుతుంది. పాళీలో సిరా బాగా తగ్గించి, గీత ఒక్కసారే గియ్యి.

మరక మీద తెల్లరంగు పూసి కప్పడం నాకు నచ్చదు. అచ్చుకు వెళ్లే బొమ్మకైతే పరవాలేదు, ఫ్రేములో పెడితే మాత్రం మీగడ రంగు కాగితం మీద ఆ తెలుపు అతుకులా కనిపిస్తుంది. ఫౌంటెన్ పెన్ సిరా మీద వేస్తే కింది రంగు కరిగి పైకి వస్తుంది కూడా.

ఇంతా చెప్పాను గానీ, నీ మరకనంతా గీకనక్కర్లేదు. వెలుగు కుడివైపు నుంచి వస్తున్నట్టు గీశావు. మరక స్తంభానికి ఎడమ పక్కన ఉంది. అక్కడ నీడే పడాలి. మరక చుట్టూ వాలుగీతలు, వాటి మీద అడ్డగీతలు వేసుకుంటూ పోతే అందులో కలిసిపోతుంది. బయటి ఖాళీ జాగాలోకి కారిన కొసను మాత్రం గీకు. వెలుగు పడేచోట తప్పు దాచడానికి నీడ వెయ్యకు, స్తంభం గుండ్రదనం చెడుతుంది. దేవరకొండ గుట్టల బొమ్మలో అయితే తప్పిన గీత బండ పగులైపోతుంది. పచ్చల సోమేశ్వరాలయం శిల్పాల ముఖాల మీద తప్పితే అలా కుదరదు, గీకాల్సిందే.

మన ఎండలకు పాళీ మీద సిరా త్వరగా గట్టిపడుతుంది. దాన్ని విదిలించబోతేనే చాలాసార్లు బొట్టు జారుతుంది. పక్కన తడిగుడ్డ పెట్టుకుని తరచూ తుడుచుకో.

ముందు అదే రకం కాగితం ముక్క మీద గీకి చూడు. పండక్కి వచ్చేటప్పుడు బొమ్మను చుట్టచుట్టకుండా రెండు అట్టల నడుమ పెట్టి తీసుకురా. గీకినచోట కాగితం పలుచబడి ఉంటుంది.

ఇట్లు,
నీ పెదనాన్న